కాపరి ముఖం

ఆ వీధిలో అందరూ బోర్డుల తాత అని పిలిచే పెయింటర్ నలభై ఏళ్లుగా అక్షరాలే రాశాడు. దుకాణాల పేర్లు, లారీల నంబర్లు, ‘ఇచ్చట వాహనములు నిలుపరాదు’లు. అక్షరాల్లో చేయి తిరిగినవాడే కానీ, బొమ్మంటే ఆమడ దూరం. అలాంటి మనిషి అరవై నాలుగో ఏట డ్రాయింగ్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడంటే, అదంతా మనవరాలి కోసమే.

మనవరాలికి ఐదేళ్లు. వాళ్ళమ్మ, అంటే తాతకు ఒక్కగానొక్క కూతురు, జ్వరంతో ఆసుపత్రికి వెళ్లి మళ్లీ రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్లంతా పిల్ల తల నిమిరి, “దేవుడు తీసుకెళ్లాడమ్మా” అనేసి, కాఫీ తాగి వెళ్లారు. పెద్దవాళ్ల నోటికి అడ్డూ అదుపూ ఎక్కడుంది! అప్పటినుంచి పిల్ల ప్రార్థన మందిరం గడప తొక్కదు. బయట చెప్పుల దగ్గరే కూర్చుంటుంది. రమ్మంటే, “నన్నూ తీసుకెళ్లిపోతాడు” అంటుంది.

దేవుడు దొంగ కాదని ఈ పసిదానికి చెప్పేదెలా? తాతకు మాటలు చేతకావు. తప్పిపోయిన గొర్రెపిల్లను కాపరి వెతికి పట్టుకుని, భుజాన వేసుకుని తెచ్చిన బైబిలు కథ ఒక్కటే తోచింది; అందులో కాపరి దేవుడే. దాన్ని బొమ్మగా వేసి చూపించాలనుకున్నాడు.

మూడు నెలలు తంటాలు పడ్డాడు. గొర్రె వచ్చింది, భుజాలు వచ్చాయి. ముఖం మాత్రం ససేమిరా అంది. అలవాటు కొద్దీ సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టి, స్కేలు పెట్టి గీస్తే కళ్లు రెండు సున్నాల్లా కూర్చున్నాయి. అక్షరం పట్టకపోతే కాస్త కుదించవచ్చు, ముఖాన్ని ఏం చేస్తాడు? చివరికి కాపరిని వెనక్కి తిప్పేశాడు. వీపు గీయడం తేలిక.

బోర్డులు రాసే రేకు మీదికి ఎక్కించిన ఆ బొమ్మను పిల్ల చాలాసేపు చూసింది.

“ఎక్కడికి తీసుకెళ్తున్నాడు తాతా?”

“ఇంటికి.”

“ఇల్లేదీ? వెనక్కి కూడా చూడట్లేదు. దాని వాళ్ళమ్మకి చెప్పాడా?”

తాతకు అప్పుడర్థమైంది. పరామర్శలవాళ్లు నోటితో అన్నది తాను రంగులతో అన్నాడు. మర్నాడే రేకుకు తెల్లరంగు కొట్టేశాడు.

ఈసారి గడ్డం గీసుకునే అద్దం ఎదురుగా పెట్టుకున్నాడు. స్కేలు ముట్టుకోలేదు. తన ముఖాన్నే వందసార్లు గీశాడు, చించాడు, మళ్లీ గీశాడు. ఎట్టకేలకు రేకు మీద కాపరి ఇటు తిరిగాడు. ఒక కనుబొమ్మ పైకి పోయింది. ముక్కు వెడల్పు.

“ముక్కు నీదే!” అని పిల్ల పకపకా నవ్వింది. తర్వాత దగ్గరికి వచ్చింది. “ఇప్పుడు ఇటే వస్తున్నాడు.”

“అవును తల్లీ.”

“మరి అమ్మనెందుకు తేలేదు?”

మందిరంలో విన్న జవాబులు తాతకు బోలెడు తెలుసు. అవన్నీ పక్కన పెట్టేశాడు.

“నాకు తెలీదమ్మా. నేనూ రోజూ ఆయన్ని అదే అడుగుతున్నా. కోపంగానే అడుగుతున్నా.”

“తిట్టడా?”

“ఇంతవరకు తిట్టలేదు.”

పిల్ల రంగుడబ్బాలు పెట్టుకునే స్టూలును బరబరా లాక్కొచ్చి, పైకెక్కి, కాపరి చెవి దగ్గర నోరు పెట్టింది.

“మా అమ్మకి చీకటంటే భయం,” అంది. “లైటు ఆర్పకు.”