కుప్పం బస్సులో సూర్యుడు

మదనపల్లెలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి, మూడేళ్లుగా కుప్పంలో నక్షత్రాల మీద పరిశోధన చేస్తున్న ఫ్లారెన్స్‌ను సోమవారం పొద్దుటి మదనపల్లె-కుప్పం బస్సెక్కేవాళ్లంతా ఎరుగుదురు. డ్రైవర్ వెనక రెండో సీటు, ఒళ్లో లాప్‌టాప్ సంచి, చేతిలో వేరుశనక్కాయల పొట్లం. "ఏం సదువుతాండావమ్మా?" అని ఎవరైనా అడిగితే చాలు, పక్కావిడ బుట్టలోంచి ఒక టమోటా తీసి సూర్యుణ్ణి చేస్తుంది. దాని చుట్టూ వేరుశనక్కాయను తిప్పుతూ అదే భూమి అంటుంది. పాఠం అయ్యాక భూమిని ఒలిచి నోట్లో వేసుకుంటుంది.

ఈ సోమవారం మాత్రం పొట్లం విప్పలేదు. ఫెలోషిప్ దరఖాస్తు ఆ పూటే ఇవ్వాలి. 'బోధనానుభవం' అన్న గడిలో ఏం రాయాలో తెలియక పెన్ను కొరుకుతూ కూర్చుంది. పుంగనూరులో బుట్టతో ఎక్కిన అన్నపూర్ణమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"పెద్ద టమోటా తెచ్చినానమ్మా. ఎర్ర నక్షత్రం కంటే నీలంది ఎక్కువ కాలతాదని పోయిన వారం సెప్తివి. యాలనో సెప్పకముందే కుప్పం వచ్చేసె. మా ఇంట్లో ఒకరూ నమ్మల్యా."

వెనక సీట్లవాళ్లు ముందుకు వంగారు. కండక్టర్ టికెట్ మిషన్ చంకన పెట్టుకుని నిలబడ్డాడు.

"రొంత గట్టిగా సెప్పమ్మా, వెనక్కి గూడా ఇనపడాల," అన్నారెవరో చివరి సీట్లోంచి.

ఫ్లారెన్స్ ఆ గడిలో 'మూడేళ్లు' అని రాసి, టమోటా అందుకుంది.