సముద్రం దారి మూసిన రోజు

నా చిన్నప్పుడు బాన్సువాడలో మాకు నీళ్ళంటే కాలువ నీళ్ళే. అవి ఎప్పుడు వస్తాయో, ఎంత వస్తాయో పెద్దవాళ్ళకు ముందే తెలిసేది. అందరికన్నా బాగా తెలిసినవాడు మా పక్కింటి మామయ్య. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. నారు ఎప్పుడు పోయాలో మా నాన్న కూడా ఆయన్నే అడిగేవాడు. ఆయన కాదన్నదాన్ని మా వాడలో ఎవరూ అవునన్నట్టు నాకు గుర్తు లేదు.

తొంభైలలో ఒక వేసవి సెలవులవి. నాకు పదకొండేళ్ళు. విశాఖ దాటాక సముద్రపు ఒడ్డున ఉండే తన చెల్లెలి ఊరికి వెళ్తూ ఆయన తన కూతురితో పాటు నన్నూ తీసుకెళ్ళాడు. ఆ పిల్లా నేనూ ఒకే తరగతి. సముద్రాన్ని నేను చూడటం అదే మొదలు.

వెళ్ళిన మూడోరోజు పొద్దున్నే, ఒడ్డు వెంట నడిచి కొండకు అవతలున్న జాలరిపల్లె చేరదామనీ, అక్కడ బస్సెక్కి తిరిగి వద్దామనీ మామయ్య అన్నాడు. జాలర్లను ఒకమాట అడిగి వెళ్ళమని ఆయన చెల్లెలు చెప్పింది. వయసులో ఉన్నప్పుడు రెండుసార్లు నడిచిన దారేనని ఆయన నవ్వేశాడు.

ఇసుక కొంచెం దూరమే ఉంది. ఆ తర్వాత అన్నీ నల్లటి రాళ్ళే. వాటికి అంటుకున్న చిప్పలు కత్తుల్లా ఉన్నాయి. చేతులు కూడా ఆనించి పాకుతూ ఎక్కాం, కూర్చుని జారుతూ దిగాం. నా అరచేయి చీరుకుపోయింది. ఎండ నెత్తికెక్కేసరికి సగం దూరం కూడా రాలేదు.

అక్కడ ఒక ముసలామె చిన్న ఇనప ముక్కతో రాళ్ళ మీది చిప్పలు గీకి బుట్టలో వేసుకుంటోంది. మమ్మల్ని చూసి, "ఎక్కడికెల్తన్నారు బాబూ? పోటు మొదలైపోనాది, నీరు పైకెక్కుతాది. ఆ మలుపు కాడ దారి మూసుకుపోద్ది," అంది.

"ఈలోపు దాటేస్తాం లేమ్మా," అన్నాడు మామయ్య.

నేను వెనక్కి చూశాను. ఇందాక మేం దిగిన రాయి అడుగున నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ మాట చెప్పాలనిపించింది. చెప్పలేదు.

మలుపు దగ్గర కొండ నిలువుగా ఉంది. దాని కింద ఒక మనిషి పట్టేంత గట్టు. ఒకరి వెనక ఒకరం వెళ్తుండగా అల వచ్చింది. నాకు తెల్లగా తప్ప ఏమీ కనిపించలేదు. కళ్ళు తెరిచేసరికి నా స్నేహితురాలు గట్టు మీద లేదు. మామయ్య బోర్లా పడుకుని ఉన్నాడు. ఆయన పిడికిట్లో దాని జడ ఉంది. పైకి లాగాక కూడా ఆ పిల్ల ఏడవలేదు, నోరు తెరిచి అలాగే చూస్తోంది. మా అన్నం సంచి నీళ్ళలో దూరంగా తేలిపోతోంది. ముందు గట్టు లేదు. వెనక మేం వచ్చిన రాళ్ళూ లేవు.

గట్టు కాస్త వెడల్పుగా ఉన్నచోట మమ్మల్నిద్దర్నీ కొండకు ఆనించి కూర్చోబెట్టి, మామయ్య మా ముందు అడ్డంగా నిలబడ్డాడు. కాసేపటికి మా వైపు తిరిగి, "ఆవిడ మాట వినాల్సింది. తప్పు నాదే. ఇప్పుడు ఎటు పోవాలో నాకు తెలీట్లేదమ్మా," అన్నాడు.

అల కొట్టినప్పటికన్నా ఆ మాటకే నేను ఎక్కువ బిత్తరపోయాను. మా వాడలో ఏ మగమనిషీ పిల్లల ముందు అలా అనగా నేను వినలేదు. తనకు తెలియదని ఆయన అనగానే నా నోరు పెగిలింది.

"నేను ముందే చూసిన మామయ్యా. నీళ్ళు ఎక్కుతుండె. నీకు చెప్పనీకె భయమైంది," అన్నాను.

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. "ఇంకేం చూశావో చెప్పు," అన్నాడు.

మలుపు తిరగకముందు కొండ మీద మేకలను చూశానని చెప్పాను. మేక ఎక్కిందంటే ఎక్కడో దారి ఉంటుందని ఆయన పైకి చూసి గట్టిగా కేకలు వేశాడు. ఎన్ని కేకల తర్వాతో, పైనుంచి ముసలామె తల కనిపించింది. మామయ్య తన మాట వినకపోయేసరికి మనసు ఒప్పక, పై దారిన మా వెంటే వచ్చిందట. ఎక్కడ కాలు పెట్టాలో పైనుంచి చెబుతూ, చివర్లో తన పైట కొంగు అందించి మమ్మల్ని ఒక్కొక్కరినే లాగింది.

మామయ్య మా ఎదుటే ఆమెకు వంగి దండం పెట్టాడు. "అడిగితే సెప్తాం కదా బాబూ," అని మాత్రం అంది.

బాన్సువాడ తిరిగొచ్చాక మా అరుగు మీద కూర్చుని, తాను వినకపోవడం దగ్గర్నుంచి మొత్తం ఆయనే చెప్పాడు. మా నాన్న నవ్వలేదు. "పోనీ, పిల్లలు మంచిగున్నరు," అన్నాడు.

తర్వాత నేను పంతులమ్మనై బిచ్కుంద దగ్గర ఒక బడిలో ఏళ్ళ తరబడిగా లెక్కలు చెబుతున్నాను. బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీలో ఏ పిల్లయినా ఏదో అనబోయి ఆగిపోయినట్టు కనిపిస్తే, ఇప్పటికీ నా చేయి ఆగిపోతుంది. సుద్దముక్క కింద పెట్టి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, "ఏం చూసినవ్ బిడ్డా, చెప్పు," అంటాను.