రామవ్వ వేసిన పాతరలు

మా రామవ్వకు నోరు కట్టుకోవడం రాదు. ఆ నోరే ఆమె చేనును పాడు చేసింది.

కొత్త కోడలిగా మనూర్ దగ్గరి ఈ ఊరికి వచ్చిన ఏడాదే మామ ఆమె నడుముకు తాడు కట్టి పాతరలోకి దింపాడు. పాతర అంటే జొన్నలు దాచే గొయ్యి. మూతి గంపంత, కడుపు గదంత. ఇంట్లో ఆ మూతిలో పట్టే మనిషి ఆమె ఒక్కతే. లోపల కూర్చొని జొన్నలు గంపలకెత్తి పైకి పంపేది. తరవాత పాతరలు పోయాయి. డెబ్బై ఆరేళ్లొచ్చినా రామవ్వ మాత్రం సన్నగానే ఉండిపోయింది. తిన్నదంతా మాటలకే ఖర్చవుతుంది మరి.

ఈ వానకాలం నారాయణఖేడ్ సడక్ వెడల్పు చేస్తుంటే, ఆమె కంది చేను గట్టు పక్కన జేసీబీకి పదకొండు పాత గుంతలు తగిలాయి. వేల ఏండ్ల నాటివన్నారు. పని ఆగింది. పట్నం నుంచి పేపరాయన వచ్చాడు.

"ఇవేంటో తెలుసా అవ్వా?"

"తెల్వకేంది? పాతరలు. మా దిక్కు ఇంటింటికి పాతరేసేటోళ్లు."

"మీరూ వేశారా?"

"మస్తు ఏసిన. మీద గడ్డి కప్పి మన్ను మెత్తితే మూడేండ్లైనా వాసన రాదు."

పాతరేయడమంటే ఆయనకు తెలిసింది ఒక్కటే, పీనుగును పూడ్చడం. ఇంకొక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. తెల్లారి పేపర్లో రామవ్వ ఫొటో, పైన 'సడక్ పక్కన సామూహిక సమాధులు' అని. ఫొటో మంచిగ పడిందని ఆమె పొద్దంతా ఊరు తిరిగి చూపించింది. చదువు రాదాయె.

మర్నాడు కలుపుకు ఒక్క మనిషీ రాలేదు. ఎకరన్నర కందిలో గడ్డి మోకాలెత్తుంది. ఇంకో పది దినాలు పోతే పంట చేతికి రాదు. రామవ్వ కూలికి కైకిలోళ్లను తెచ్చే చంద్రమ్మ ఇంటికి పోయింది.

"పీనుగుల్ని పూడ్చిన బొందలగడ్డల కలుపెవరు తీస్తరే? మాకు పిల్లలున్నరు."

"బొందలు గావే, జొన్న పాతరలు. నడువు, చూపిస్త."

చంద్రమ్మ మరో నలుగురిని వెంటేసుకొని వచ్చి దూరంగా నిలబడింది. రామవ్వ కొంగు దోపుకొని గుంతలోకి జారింది. అడుగు గోకి, నల్లగా మాడిన గింజలు గుప్పెడు పైకి తెచ్చింది.

"జొన్నలేనా, కాదా?"

చంద్రమ్మ వంగి చూసింది. "జొన్నలే. పీనుగు నోట్ల పోసినయి."

రామవ్వ రెండు గింజలు నోట్లో వేసుకొని నమిలింది. పళ్లు బొగ్గయ్యాయి. ఆడవాళ్లు వెనక్కి జరిగారు. ఆనాటి నుంచి నల్లా దగ్గర ఆమె బిందె పక్కన ఎవరూ బిందె పెట్టలేదు.

వారానికి పురావస్తు తవ్వకాల సారు వచ్చాడు. రామవ్వ ఒక్కతే కలుపు తీస్తోంది.

"అవ్వా, ఇవి సమాధులు కావు, ధాన్యం పాతరలే అనుకుంటున్నాం. మీ కాలంలో ఎలా నింపేవాళ్లో చెప్తారా?"

"గా మాట పోయి చంద్రమ్మకు చెప్పు ముందుగాల."

"రిపోర్టు రాకుండా బయట చెప్పకూడదవ్వా. ఏడాది పడుతుంది."

"కంది ఏడాది ఆగుతదా సారు? అయితే గా సాలు పట్టు. కలుపు తీసుకుంట చెప్త."

హాస్యమనుకొని ఆయన నవ్వాడు. బూట్ల బురద దులుపుకొని, మళ్లీ వస్తానని జీపెక్కాడు. పొద్దు గూకేదాకా రామవ్వ తీసింది రెండు సాళ్లు. ఇంకా డెబ్బై ఉన్నాయి.