హనిమాధూ నుంచి గన్‌కు

మెదక్ బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం చూసి చూసి అలసిపోయి, ఫోనులో మ్యాపు తెరిచి ఊళ్ల మధ్య దూరాలు కొలుస్తూ కూర్చున్నాను. నా పాత అలవాటది. పక్కన కూర్చున్న బురఖా ఆమె అది చూసి, "భయ్యా, గీ రెండు దీవులు జర కొలువుండ్రి," అంది.

మాల్దీవుల్లో ఉత్తరాన హనిమాధూ, దక్షిణాన గన్. రెండుచోట్లా విమానాశ్రయాలున్నాయి. గన్‌లో హోటల్ వంటవాడైన ఆమె భర్తకు మర్నాడు పొద్దున ఆపరేషన్. హనిమాధూలో పనిచేసే ఆమె అన్న అంతకుముందే అక్కడికి చేరాలి.

"ఎనిమిది వందల ఇరవై కిలోమీటర్లమ్మా. చిన్న విమానమైనా రెండు గంటల్ల పోతది."

"గంతేనా? మన బస్సు కన్నా ముందే దిగుతడు!" నవ్వుతూ భర్తకు ఫోన్ చేసింది. "పరేషాన్ కాకుండ్రి. అన్న రెండు గంటల్ల మీ దగ్గరుంటడు. నిమ్మలంగ పండుకోండ్రి."

అప్పుడు విమానాల వేళలు చూశాను. నేను కొలిచింది తిన్నని గీత. ఆ గీత మీద విమానమే లేదు. మధ్యలో మాలేలో దిగి మారాలి. అక్కడి నుంచి ఇక మర్నాడు మధ్యాహ్నానికే సీటు. ఆమెకు చెప్పాను.

"మళ్ల ఫోన్ చేస్తవా అమ్మా?"

"ఇప్పుడే పండుకొని ఉంటరు. లేపను. లేచినంక చెప్త."

ఇంతలో బస్సు వచ్చింది. ఆమె లేవలేదు.

"నర్సాపూర్ అడవిల సిగ్నల్ పోతది భయ్యా. గప్పుడే ఆయన లేచి ఫోన్ చేస్తె? మీరు పోండ్రి."

ఒక్కణ్ణే ఎక్కాను. ఇప్పటికీ ఆ దారిన వెళ్తే, అడవి రాగానే ఫోను తీసి సిగ్నల్ చూస్తాను.