లక్ష్మికి ఎంత ఇవ్వాలి? రాజురా నుంచి గడ్‌చాందూర్ దాకా

మా రాజురా అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు నేను ఖజాంచీని. ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక ఈ పని నెత్తిన పడింది. బజారు దుకాణాల వాళ్లు నెలకు తొమ్మిది వేలు ఇస్తారు. అందులోంచి పదిమంది పిల్లలకూ ఖురాక్, అంటే పాలకూ గుడ్లకూ డబ్బు ఇవ్వాలి. అందరికంటే బాగా ఆడేది నా మనవరాలు పూజ. ఆమెకు రెండున్నర వేలు. తర్వాతి స్థానం లక్ష్మిది. ఆమెకు పదిహేను వందలు. మిగతా ఎనిమిదిమందికి తలా ఐదు వందలు. మిగిలే వెయ్యి బంతులకు, బస్సులకు. పెద్ద మొత్తం పైన, చిన్నది కింద వచ్చేలా పేర్లు రాసి మైదానం గోడకు అంటిస్తాను. దాపరికం నాకు గిట్టదు. గడ్‌చాందూర్ జట్టు లక్ష్మికి నాలుగు వేలు ఇస్తానందని పోయిన వారం తెలిసింది. ఆదివారం వాళ్లతోనే మాకు మ్యాచ్. వస్తానో రానో ఆ సాయంత్రంలోగా లక్ష్మి ఆ జట్టుకు చెప్పేయాలి. అందుకే నేనూ బయలుదేరాను.

ఎనిమిదీ పదికి రావలసిన సర్కారు బస్సు ఎనిమిదిన్నరకు వచ్చింది. మిగతా పిల్లలు ముందే జీపులో వెళ్లారు. లక్ష్మి ముందురోజే గడ్‌చాందూర్‌లోని పిన్ని ఇంటికి చేరింది. ఆడవాళ్లకు సగం టికెట్టే కనుక పూజకూ నాకూ కలిపి నలభై లోపే అయింది. సిమెంటు లారీల వెనక నత్తనడకన సాగితే గంట పట్టింది. దారి పొడవునా పూజ మోకాలు ఆడిస్తూనే ఉంది. ఆపమన్నాను. ఆపి, మళ్లీ మొదలుపెట్టింది. నా మనసూ అలాగే ఉంది కాబట్టి రెండోసారి కసరలేదు.

బస్టాండు ఎదుట పోహా, అంటే అటుకుల ఉప్మా, ప్లేటు ఇరవై ఐదు రూపాయలు. పైన ఎర్రటి కారం పులుసు, తర్రి, పోసి ఇస్తారు. పోహా చేసే ఆమెకు మా సంగతి అప్పటికే తెలుసు.

"మీ లక్ష్మి ఇగ మా లక్ష్మే గద, ఆజీ?" అంది నవ్వుతూ. ఆజీ అంటే ఇక్కడి మాటలో అవ్వ.

"ఇంకా కాలేదు. తర్రి తక్కువ పొయ్యి," అన్నాను.

పదిన్నరకు ఆట మొదలైంది. ఇన్నాళ్లూ నా పుస్తకంలో ఎవరు ఎన్ని బాస్కెట్లు వేశారన్నదే రాసేదాన్ని; ఖురాక్ కూడా దాన్నిబట్టే. ఆరోజు మొదటిసారి బంతి ఎవరి చేతినుంచి అందిందో కూడా రాశాను. పూజ తొమ్మిది వేసింది. అందులో ఆరింటికి బంతి ఇచ్చింది లక్ష్మి. లక్ష్మి అలసి ఐదు నిమిషాలు బెంచీ మీద కూర్చుంటే పూజ ఒక్కటీ వేయలేకపోయింది. మూడు పాయింట్ల తేడాతో గెలిచాం.

ఆట అయ్యాక లక్ష్మిని పక్కకు పిలిచాను.

"నాలుగు వేలు నేను ఇయ్యలేను, బిడ్డా. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న."

"నాలుగు వేలు వద్దు, టీచరమ్మా. దినాం ఈడిదాంక వచ్చుడు పోవుడుకే సగం ఖర్చైతది," అంది. చేతిలో బంతిని తిప్పుతూ ఆగింది. "గా గోడ మీద నా పేరు పూజ పేరుకంటె పైన ఉండాలె. ఒక్క రూపాయి ఎక్కువ రాయున్రి, సాలు."

"పూజ నీకంటె మంచిగ ఆడతది."

"ఎరికే. రెండేండ్ల సంది ఆమెకు బంతి అందిచ్చుడే నా పని. ఈ ఊరోళ్లైతె నా పేరే ముందు రాస్తరంట."

రెండు వేల ఐదు వందల ఒకటి. మొత్తం తొమ్మిది వేల ఒకటవుతుంది. బంతుల డబ్బు, బస్సుల డబ్బు పోయి ఇంకో రూపాయి తక్కువ. సరేనన్నాను. లక్ష్మి నా కాళ్లకు మొక్కి, గడ్‌చాందూర్ వాళ్లకు రానని చెప్పి వచ్చింది.

నాలుగు గంటల బస్సులో పూజకు విషయం చెప్పాను.

"మంచిగ ఆడేది నేనా, ఆమెనా, నాయనమ్మా?"

"నువ్వే."

"మరి?"

"లేకుంటె ఆమె పోతది. నువ్వేడికి పోతవ్?"

పూజ మోకాలు ఆగింది. "నేను పోనని నీకెవరు చెప్పిన్రు?" అంది.

రాజురాలో దిగి ఇంటికి వచ్చాం. చిన్న ఊరి జట్టుకు ఇంకో లక్ష్మి దొరకదు కాబట్టి ఎక్కువ ఇచ్చైనా నిలుపుకోవాలని ఇప్పటికీ అంటాను. కాని ఆ రూపాయి లక్ష్మి ఆటకు ఇచ్చానా, ఆమె వెళ్లిపోతుందన్న భయానికి ఇచ్చానా అని పుస్తకం ముందేసుకుని లెక్క కడుతూనే ఉన్నాను. ఉండిపోతుందనుకున్న పిల్లకు ఎక్కువేమీ ఇవ్వనక్కర్లేదని పూజకు నేనే నేర్పినట్టయింది. కొత్త పట్టిక రాశాను. బంతుల కోసం రేపు బజారులో మళ్లీ చందా అడగాలి. పూజ ఈ పూట ప్రాక్టీసుకు వెళ్లలేదు.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒక మాట: రెండో ఆటగత్తెతో బేరానికి పోతుంటే, మొదటి ఆమెతో ముందురోజే ఇంట్లో కూర్చుని మాట్లాడండి. తిరుగు బస్సు దాకా ఆగకండి.