కరెంటు కుంపటి

మా ఆఫీసులో పనిచేసిన ఒకావిడ హైదరాబాదుకు బదిలీ అయి వెళ్తూ, లారీలో పట్టని సామాన్లను మాకు తలా ఒకటి పంచింది. నా వంతుకు ఇంట్లో వాడుకునే కరెంటు గ్రిల్ వచ్చింది. ఎలా వాడాలో చెప్పే పుస్తకం ఎక్కడో పోయిందట. "నీళ్లలో మాత్రం ముంచకు" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయింది. అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని మా ఆఫీసున్న డల్‌హౌసీ నుంచి మేముండే కస్బా దాకా బస్సులో తెచ్చాను.

అమ్మ మూత తెరిచి చూసింది. పైనొకటి, కిందొకటి, గాళ్లు గాళ్లుగా ఉన్న రెండు నల్లటి పలకలు. ముందు నూనె కారడానికి చిన్న ట్రే.

"ఇదేటే గుంటా?"

"కరెంటు కుంపటమ్మా. ప్లగ్గు పెడితే ఎర్ర లైటు వెలుగుతుంది. పచ్చ లైటు వచ్చాక లోపల ఏదైనా పెట్టి మూసేస్తే కాలిపోతుంది."

"పొగో?"

"పొగ రాదట."

అమ్మ ఆ గాళ్ల మీద వేలు నడిపింది. "అయితే సేపలు కాల్సొచ్చు," అంది మెల్లగా. నాన్న పక్కగదిలో పేపరు చదువుతున్నాడు. ఆయనకు వినబడనంత మెల్లగా.

మా నాన్న లిలువాలో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇరవయ్యేళ్లకు పైగా అక్కడి క్వార్టర్లలోనే ఉన్నాం. వంటంతా బొగ్గుల పొయ్యి మీద. పాత ఇనప బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసిన పొయ్యి. బెంగాలీలో ఉనూన్ అంటారు. తెల్లవారకముందే ఇంటింటి వాకిట్లోనూ ఆ పొయ్యిలు రాజుకునేవి. ఆ వేళకి ఎదురింటి తలుపు మాకు కనబడేది కాదు, అంత పొగ. సాయంత్రం వంట అయిపోయాక నిప్పులు సన్నగిల్లినప్పుడు, అమ్మ వాటి మీద చేపలు కాల్చేది. శ్రీకాకుళం అవతల సముద్రపు ఒడ్డున పుట్టినవాడు నాన్న. చిన్నప్పుడు ఒడ్డునే కానాగంత చేపలు కాల్చుకు తిన్న మనిషి. ఇక్కడ కానాగంతలు లేకపోయినా, పార్శే అని బెంగాలీలు ఇష్టంగా తినే చిన్న చేపలకు ఉప్పూ కారమూ పట్టించి కాలిస్తే, డ్యూటీ నుంచి వచ్చి చేతులు కడుక్కుని నేరుగా పొయ్యి దగ్గరే చతికిలబడేవాడు.

ఆ పొయ్యి అమ్మ ఊపిరితిత్తుల్ని తినేసింది. నాన్న రిటైరయ్యే నాటికి, రెండు మెట్లెక్కితే ఆగి గోడ పట్టుకునేది. పొగ తగలకూడదని, ఆఖరికి అగరొత్తి కూడా వద్దని డాక్టరు చెప్పాడు. నాకు ఉద్యోగం వచ్చింది కనక కస్బాలో ఒక మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకుని, గ్యాసు పొయ్యితో కొత్త కాపురం పెట్టాం. బొగ్గుల పొయ్యి లిలువాలోనే ఉండిపోయింది. పొగ లేకపోయేసరికి అమ్మ కాస్త తేరుకుంది. మొదట్లో అమ్మ రెండుసార్లు అడిగింది, "డాబా మీద నాలుగు బొగ్గులేసి కాల్సెయ్యనా? నాను దూరంగా ఉంటాను" అని.

"నాకొద్దే. ఇప్పుడా ఇట్టం పోయింది," అన్నాడు నాన్న.

నేను నమ్మాను. అమ్మ నమ్మలేదు.

గ్రిల్ వచ్చిన వారంలోనే బంద్ పడింది. ముందురోజు సాయంత్రమే బజారు మొత్తం చేపల కోసం ఎగబడితే, అమ్మ ఆ రద్దీలో దూరి ఎనిమిది పార్శేలు తెచ్చింది. పొద్దున్నే శుభ్రం చేసి, గాట్లు పెట్టి, ఉప్పు, పసుపు, కారం, ఆవనూనె పట్టించింది. వంటింట్లో ఉన్న ఒక్క ప్లగ్గులో గ్రిల్ వైరు పెట్టాను. ఎర్ర లైటు, పచ్చ లైటు. చేపలు నాలుగు పరిచి మూత వేయగానే చుయ్యిమంది. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. అంతలో టప్‌మంది. ఫ్యాను ఆగిపోయింది. కింద టీవీ కూడా ఆగిపోయింది.

"కీ హొలో?" అని, ఏమైందంటూ, కింద నుంచి కేక.

ఇంటి యజమానురాలు. నేను ఆవిడను మాశీమా, అంటే పిన్నిగారూ, అని పిలిచేదాన్ని. ఎప్పుడూ తెల్లచీర, కళ్లద్దాలు, కింద ఒక్కతే ఉంటుంది. నీళ్ల మోటారు ఎప్పుడు వేయాలో చెప్పడానికి తప్ప మాతో మాట్లాడేది కాదు. మేమూ ఆవిడంటే భయపడేవాళ్లం.

నాన్న వచ్చి గ్రిల్నీ, ప్లగ్గునీ, మా మొహాలనూ చూశాడు. టెస్టరు పట్టుకుని కిందికి దిగి, వచ్చీరాని బెంగాలీలో క్షమించమని చెప్పి ఫ్యూజు వేశాడు. సన్న తీగ ఇంత కరెంటు మోయలేదనీ, ఆవిడ ఒప్పుకుంటే మీటరు దగ్గర నుంచి లావు వైరు విడిగా లాగి పెద్ద ప్లగ్గు పెడతాననీ అడిగాడు. ఆవిడ కాసేపు ఆలోచించి సరేనంది. కానీ పని అయ్యేదాకా మెట్ల మీద నిలబడి చూస్తూనే ఉంది. వైరు ముక్కలూ, ప్లగ్గులూ నాన్న పాత పెట్టెలో ఎప్పుడూ ఉండేవి.

మధ్యాహ్నం మూడింటికి చేపలు కాలాయి. చర్మం మీద నల్లటి చారలు పడ్డాయి. నాన్న కంచం ముందు కూర్చుని మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, తల దించుకుని తింటూనే ఉన్నాడు. అమ్మ ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి వేసింది.

"ఇట్టం పోయిందన్నావు కదేటి? ముల్లు కూడా మిగల్నేదు."

నాన్న కంచంలోనే చూస్తూ, "ఆ పొగకి నువ్వేటయిపోతావో అని బెంగ గానీ, ఇట్టం ఎక్కడికి పోద్దే," అన్నాడు.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ కుళాయి విప్పిన చప్పుడు విని, నాన్న ఎంగిలి చేత్తోనే పరుగెత్తాడు. అమ్మ చేతిలో స్టీలు పీచు ఉంది, ఇంకో చేతిలో సబ్బు.

"ఒలే, ఒగ్గెయ్! పీచెట్టి రుద్దితే పైపూత లేసిపోద్ది."

"మరి జిడ్డెలా పోద్ది? అంటగిన్నె తోమకుండా ఎలా?"

"ఇది గిన్నె కాదే. మిషను. మిషన్లు నాకొగ్గెయ్."

పెళ్లయిన ముప్పయ్యయిదేళ్లలో నాన్న గ్లాసు కూడా కడిగిన మనిషి కాదు. ఆ రోజు నుంచి గ్రిల్ శుభ్రం చేయడం ఆయన పని అయింది. పుస్తకం లేదు కనక పద్ధతి ఆయనే కనిపెట్టుకున్నాడు. ముందు ప్లగ్గు పీకేవాడు. పలకలు ఇంకా వేడిగా ఉండగానే మెత్తటి పాతగుడ్డను తడిపి, బాగా పిండి, మధ్యలో పరిచి మూత వేసేవాడు. లోపల ఆవిరి పట్టి, అంటుకున్న మాడు మెత్తబడేది. మూత తెరిచి, వెదురుపుల్లను చెక్కి దాని కొనకు గుడ్డ చుట్టి, ఒక్కొక్క గాడినీ ఇటు నుంచి అటు లాగేవాడు. ఆ తరవాత సబ్బునీళ్లలో పిండిన గుడ్డ, మంచినీళ్లలో పిండిన గుడ్డ, ఆఖరికి పొడిగుడ్డ. ట్రే మాత్రం తీసి కుళాయి కింద తోమేవాడు. చివర్లో రెండు చుక్కల నూనె వేలితో పలకలకు రాసి, వెలుతురుకు ఎత్తి చూసేవాడు. అంతసేపూ అమ్మ గడప మీద కూర్చుని, "ఆ మూల సూడు, ఆ మూల" అని చెప్తూ ఉండేది. వాళ్లిద్దరూ అంతసేపు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం నేను లిలువాలో ఎన్నడూ చూడలేదు.

ఆదివారం ఆదివారం చేపలు కాల్చడం అలవాటయింది. చలికాలం మొదట్లో ఒక ఆదివారం, గ్రిల్ మూత వేసి ఉండగా తలుపు తట్టారు. చూస్తే మాశీమా.

అమ్మ మొహం పాలిపోయింది. "కంపు కొడతందని ఒచ్చీసింది. కిటికీ తియ్యవే," అని నా చెవిలో అంది.

మాశీమా గుమ్మంలోనే నిలబడి, "పార్శేనా?" అని అడిగింది బెంగాలీలో.

అమ్మకు బజారు బెంగాలీ బాగా వచ్చు. "అవును దీదీ. వాసన వస్తోందా? మూసేస్తాను."

"వద్దు. కాసేపు కూర్చోనా?"

కుర్చీ వేశాం. చేతులు ఒళ్లో పెట్టుకుని వంటింటి వైపు తిరిగి కూర్చుంది. తరవాత తనే చెప్పింది. ఆవిడ భర్తకు వేయించిన చేప సయించేది కాదట. నిప్పుల మీద కాల్చినదే కావాలనేవాడట. ఆయన పోయేనాటికి ఆవిడకు ముప్పయ్యొక్క ఏళ్లు. భర్త పోయినవాళ్లు చేప ముట్టకూడదని ఆచారం కనక చేపలు వదిలేసింది. ఇంట్లో పొయ్యి మీద చేప ఎక్కి ముప్పయ్యేళ్లు దాటింది.

"మీరు మొదటిసారి కాల్చినరోజు నుంచీ కింద కూర్చుని వాసన చూస్తున్నాను," అంది. "ఇవాళ మెట్లెక్కేశాను."

అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. చేప తినమని అడగలేదు. "వచ్చే ఆదివారం మీకు వంకాయ కాలుస్తాను, తింటారా?" అని మాత్రం అడిగింది. ఆవిడ గ్రిల్ వైపు చూసి ఇబ్బందిగా నవ్వింది. చేపలు కాల్చిన దాన్లో కాల్చిన వంకాయ ఆవిడ ఎలా తింటుంది? ఆ నవ్వు నాన్నకూ అర్థమైంది.

ఆ శనివారం నాన్న గ్రిల్‌ను డాబా మీదికి తీసుకెళ్లాడు. ఎప్పుడూ చేసే పద్ధతినే మూడుసార్లు చేశాడు. నిమ్మచెక్కతో గాళ్లన్నీ రుద్ది, మళ్లీ తుడిచి, మూత తెరిచి ఎండలో పెట్టాడు. ఆదివారం మాశీమా వచ్చి కూర్చోగానే, ఆ గ్రిల్ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"వాసన చూడు దీదీ. చేప వాసన వస్తే కాల్చం."

ఆవిడ కళ్లద్దాలు తీసి, వంగి, వాసన చూసింది. తల ఎత్తి, "నిమ్మకాయ," అంది.

ఆ రోజు వంకాయలను నిలువునా కోసి కాల్చాం. అమ్మ తొక్క తీసి, పచ్చిమిర్చి, ఉప్పు, కొత్తిమీర, పచ్చి ఆవనూనె వేసి మెదిపింది. మాశీమా తినదని ఉల్లిపాయ వేయలేదు. మాశీమా మరమరాలతో పెట్టుకుని మొత్తం తినేసింది. అప్పటి నుంచి మా ఇంట్లో వరస అది. ముందు ఆవిడ వంకాయ, తరవాత నాన్న చేప. శనివారం సాయంత్రం డాబా మీద నిమ్మచెక్క.

మరుసటేడు వానాకాలంలో నాన్నకు జ్వరం వచ్చి వారం రోజులు మంచం దిగలేదు. ఆ ఆదివారం చేపలు కాల్చింది నేనే. తరవాత అంతసేపు గుడ్డలు పిండే ఓపిక నాకు లేదు. ఎవరూ చూడకుండా గ్రిల్‌ను కుళాయి కింద బోర్లించి, సబ్బు రాసి కడిగేశాను. పైపైన తుడిచి పెట్టేశాను. అచ్చం కొత్తదానిలా మెరిసింది. పై వారం ప్లగ్గు పెడితే కింది పలక వేడెక్కలేదు.

నాన్న దాన్ని విప్పాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. లోపల ఒకచోట వేలితో గీకి చూశాడు.

"ఏటయింది?" అంది అమ్మ.

"పాతదయిపోనాది. కాయిలు కాలిపోయింది," అన్నాడు.

తరవాతి ఆదివారం పదకొండు గంటలకు ఎప్పటిలాగే తలుపు చప్పుడైంది. అమ్మ సిగ్గుపడుతూ ఎదురెళ్లి, "మిషను చెడిపోయింది దీదీ," అంది.

"అది బాగయ్యేదాకా నేను కిందే కూర్చోవాలా?" అంది మాశీమా, అప్పటికే చెప్పులు విప్పి లోపలికి వస్తూ. ఆ రోజు గ్యాసు మంట మీద వంకాయ కాల్చారు. పొగ వస్తుందని అమ్మను వంటింట్లోంచి తరిమేసి మాశీమాయే కాల్చింది. నాన్నకు గుడ్డు కూర.

జ్వరం నీరసం తగ్గాక, నాన్న ఆ కాలిన కాయిల్‌ను రుమాల్లో చుట్టుకుని చాందినీ బజారుకు బయల్దేరాడు. తోడు వెళ్లాను. ఎలక్ట్రిక్ సామాన్ల కొట్లు పన్నెండో పదమూడో తిరిగాం. సరిగ్గా అలాంటిది ఎక్కడా లేదు. చివరికి ఒక ముసలాయన, ఇస్త్రీపెట్టె కాయిల్‌ను కొలతకు వంచి ఇచ్చాడు. ఎస్‌ప్లనేడ్‌లో ట్రామెక్కి కిటికీ పక్కన కూర్చున్నాం. పార్క్ స్ట్రీట్ దాటాక ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"నాన్నా, నువ్వు జ్వరంతో ఉన్నప్పుడు నేను దాన్ని కుళాయి కింద కడిగేశాను."

"తెలుసే గుంటా. లోపల సబ్బు నురగ ఎండిపోయి ఉంది."

"మరి అమ్మతో పాతదయిపోయిందన్నావేం?"

"నువ్వక్కడే నిలబడి ఉన్నావు కదా," అన్నాడు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. మేం దిగాల్సిన గడియాహాట్ వచ్చేదాకా అది ఆయన చేతిలోనే ఉంది.

ఆ ఆదివారం కొత్త కాయిల్‌తో గ్రిల్ పనిచేసింది. వంకాయలయ్యాయి, చేపలయ్యాయి. భోజనాలయ్యాక అమ్మా మాశీమా చాప మీద కూర్చుని స్వెట్టరు ఊలు గురించి వాదించుకుంటున్నారు. నాన్న ప్లగ్గు పీకి, తడిగుడ్డ నా చేతిలో పెట్టాడు.

"ఇంకా పిండు," అన్నాడు. పిండాను. "ఇంకా." మళ్లీ పిండాను. ఒక్క చుక్క కూడా రాలేదని తన చెయ్యి కింద పెట్టి చూసుకుని, అప్పుడు మూత తెరిచాడు.