నడి గంగలో ఆగిన పాట

నా చిన్నప్పుడు, వానాకాలం నాట్లు మొదలయ్యాయంటే మా నాయనమ్మకున్న గిరాకీ పెండ్లిపిల్లకు కూడా ఉండేది కాదు. మాది ఖానాపూర్ దగ్గర ఒక పల్లె. ఆడవాళ్లంతా మడిలో వరుసకట్టి వంగితే, పాట ఎత్తేది మా నాయనమ్మ, చరణం చివర 'వలలో' అని అందుకునేది మిగతావాళ్లు. పాట నడిస్తేనే చేయి నడిచేది. క్రీస్తును నమ్ముకున్నాక ఆమె పాత రాగాలను వదిలిపెట్టలేదు. వాటిలోకే ప్రభువు కథలు తెచ్చిపెట్టింది. ఆమె పాటలో తప్పిపోయిన గొర్రె మా ఊరి గుట్టల్లోనే తప్పిపోయేది. చేపల వల మా గోదావరిలోనే పడేది. గోదావరిని మేము గంగ అంటాము లెండి. ప్రార్థనకు రానివాళ్లు కూడా ఆ పాటలు హాయిగా పాడేవారు. కథ బాగుంటే చాలు, దేవుడు ఎవరైతేనేం అని వాళ్ల లెక్క.

అప్పటికి నిజాం రాజ్యం పోయి కొన్నేండ్లే అయింది. అంతకు ముందు మా వాడలో సగం ఇండ్లు ప్రార్థనకు వచ్చేవట. తర్వాత ఊళ్లో మాటలు మారాయి. తెల్లోళ్లే పోయారు, వాళ్ల దేవుడితో మీకింకా ఏం పని అని బావి దగ్గర ఒకటే ఎగతాళి. ఒక్కో ఇల్లే మెల్లగా జారుకుంది. వాడ చివర, పొలం గట్టును ఆనుకుని ఉన్న ప్రార్థన గుడిసెలో చివరికి మా ఇంటివాళ్లం, ఇంకో రెండు మూడిండ్లవాళ్లు మిగిలాము. మాకు వాక్యం చెప్పే ఉపదేశిగారు మనిషి బంగారమే కానీ కొంచెం పిరికి. ఎవరైనా వింటారని తడక మూసి ప్రార్థన చేయించేవారు.

ఆ యేడు వానలు ఆలస్యమయ్యాయి. నారు ముదిరిపోతోందని పొలం ఆసామి పటేలుకు ఒకటే తొందర. శనివారం మధ్యాహ్నం గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడి, రేపు కూడా అందరూ నాటుకు రావలసిందేనన్నాడు. నాయనమ్మ చేతిలో నారు కట్టతోనే నడుమెత్తింది.

"పటేలా, ఆరు దినాలు నీ మడిల వంగుత. రేపు మాత్రం మా దేవుని ముంగట వంగుత."

"రేపు రాకుంటె ఎల్లుండి సుత రాకు. నీ కోడలు సుత రావద్దు" అని ఆయన వెళ్లిపోయాడు.

మాకు ఆ కూలి వడ్లే మక్కజొన్నలు చేతికొచ్చేదాకా తిండి. పక్కింటి చిన్నమ్మ ఊరుకుందా? "రేపు మీ దేవుడు వచ్చి నాటేస్తడా అత్తా?" అని నవ్వింది. నాయనమ్మ కూడా నవ్వి, ఏమీ జరగనట్టే కొత్త పాట ఎత్తింది. గంగ మీద నావ పోతోంది, నావలో సామి అలిసి నిద్రపోయాడు, గాలివాన లేచింది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి పొద్దు వాలింది. నాయనమ్మ పాట ఆపి, కాళ్లు కడుక్కుని ఇంటికి వచ్చేసింది.

ఇంట్లో మా అవ్వ, అంటే మా అమ్మ, ఏడ్చినంత పని చేసింది. "అత్తా, పిల్లలకేం పెడుదాం? ఒక్క ఆదివారం పోకుంటె దేవుడు అలుగుతడా?"

"దేవుడు అలగడు బిడ్డా. నేనే అలుగుత."

అవ్వకు కోపంలోనే నవ్వొచ్చింది. ఆ మాట అర్థం నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆరు దినాలు 'ఒసే', 'ఏమే' అని పిలిపించుకునే మనిషి ఆమె. ఆ గుడిసెలో ఒక్క దినం అందరూ ఆమెను అమ్మా అని పిలిచేవారు. ప్రభువు కూడా అలాగే పిలుస్తాడని ఆమె నమ్మకం. ఆ దినాన్ని ఆమె ఎవరికీ ఇవ్వదు.

మరునాడు సన్నగా జల్లు పడుతోంది. గుడిసెలో మేము మోకాళ్ల మీద ఉన్నాము. నా మనసంతా ఇంట్లో అడుగంటిన వడ్ల గుమ్మి మీదే ఉంది. తడక సందులోంచి చూస్తే, గోనెసంచి కొప్పెరలు కప్పుకున్న ఆడవాళ్లు మడిలో ఉన్నారు గానీ పని సాగడం లేదు. ఎవరో ఏదో పాట ఎత్తారు, తెగిపోయింది. ఇంకొకటి ఎత్తారు, అదీ అంతే. చివరికి చిన్నమ్మ గొంతు లేచింది.

"గంగ నడుమ నావ ఊగె వలలో, గాలి లేచె వాన లేచె వలలో!"

మడి మొత్తం అందుకుంది. నిన్నటి పాటే! గుడిసెలో మోకరించిన మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాము. అయితే గాలివాన దాటి పాట ముందుకు పోదు. తర్వాతేమైందో వాళ్లకు తెలిస్తే కదా! గాలి లేచె, వాన లేచె, మళ్లీ గాలి లేచె. ఎంతసేపు పాడినా అదే గాలి, అదే వాన. గట్టు మీద పటేలుకు ఓపిక నశించింది.

"ఇంకెంతసేపే గా గాలి? ఒడ్డుకన్న చేర్చుండ్రి, లేకుంటె ముంచుండ్రి!"

నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె భుజాలు ఊగుతున్నాయి. ప్రార్థనలో ఏడుస్తోందనుకున్నాను. నవ్వు!

అప్పుడు చిన్నమ్మ గుడిసె వైపు తిరిగి కేకేసింది. "ఓ అత్తా! నావ మునిగిందా, తేలిందా? జర చెప్పరాదే!"

నాయనమ్మ లేచి తడక తీయబోయింది. ఉపదేశిగారు వద్దమ్మా వద్దమ్మా అన్నారు.

"అడిగిండ్రు అయ్యగారూ. చెప్పకుంటె పాపం గాదా?"

తడక పూర్తిగా తీసి, గడపలోనే నిలబడింది. కాలు బయట పెట్టలేదు. అక్కడి నుంచే గొంతెత్తింది.

"సామి లేచి గాలినడిగె వలలో, జర నువ్వు ఊరుకొమ్మనె వలలో!"

మడిలో ఒకటే కేరింత. వాళ్లు అందుకున్నారు, మేము అందుకున్నాము, మా అవ్వ అందుకుంది. పిరికి ఉపదేశిగారు కూడా చప్పట్లు కొడుతూ అందుకున్నారు. చేతులు చకచకా ఆడి, నావ ఒడ్డుకు చేరేసరికి నాటు కూడా గట్టుకు చేరింది. అంత మంచి ఆరాధన నేను మళ్లీ చూడలేదు.

పటేలు గొడుగు మడిచి గుడిసె దాకా వచ్చాడు.

"రేపు పొద్దుగాల్నే రా ముసల్దానా. నీ కోడల్ని సుత తోల్కరా. సగంల పాట ఆపినవంటె మాత్రం మంచిగుండదు."

ఆయన ఎగతాళి మానలేదు, మా దేవుణ్ణి నమ్మనూ లేదు. మమ్మల్ని ఆదివారం పనికి పిలవడం మాత్రం మానేశాడు. ఆ రోజు అన్నం తినేటప్పుడు, పాట కావాలనే ఆపావా అని నాయనమ్మను అడిగాను. "పొద్దు వాలింది గద బిడ్డా" అని నా కంచంలోకి ఇంకొంచెం పచ్చిపులుసు పోసింది. ఏ పాటనూ ఒడ్డు చేర్చకుండా ఆమె మడి దిగి రావడం నేను అంతకు ముందు ఎరగను.

ఇప్పుడు మంచిర్యాలలో మేముండే వీధిలో కూడా మా పాటలంటే మొహం తిప్పుకునేవాళ్లు పెరిగారు. ఎందుకొచ్చిన గొడవ, ఆదివారం తలుపు వేసుకుని పాడుకుందామంటుంది మా మనవరాలు. నేను వేయనివ్వను. వాళ్ల వాకిట్లోకి పోయి గొంతు చించుకోను కూడా. మొన్న దగ్గు వచ్చి పాట మధ్యలో ఆపేశాను. మా పాటలంటే గిట్టని ఎదురింటావిడ ముగ్గు వేస్తూ వేస్తూ తలెత్తి, తర్వాతేమైంది పెద్దమ్మా అని అడిగింది. నేను గడపలోనే ఉన్నాను కదా, చెప్పాను.